దయకూర

గుల్లపేటలో తాడు ముట్టినవాడికి పాలు దక్కుతుంది. పాలు అంటే వాటా. సముద్రంలో వేసిన పెద్దవలని ఒడ్డు నుంచి రెండు తాళ్ళతో లాగుతున్నప్పుడు, చేపలు పడ్డ వల సంచి ఇసుక మీదికి రాకముందు ఎవడు వచ్చి తాడు మీద చెయ్యి వేసినా సరే, వాడు వలవాడికి బద్ధశత్రువైనా సరే, ఐసు లారీ డ్రైవరైనా సరే, వాడి పాలు వాడికి పెట్టాల్సిందే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. కాదన్నవాడు మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

మరి తాడు లాగలేనివాళ్ళ సంగతేమిటి? ముసలివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు? వాళ్ళకీ ఒక దారి ఉంది. పాళ్ళు పంచేశాక వల యజమాని తన కుప్పలోంచి తలా రెండు దోసిళ్ళు తీయిస్తాడు. ఆ తీరంలో చేపని కూర అనే అంటారు కాబట్టి దాని పేరు దయకూర. చెవికి ఎంత చల్లగా ఉందో చూడండి! దాని రుచి ఏమిటో తిన్నవాళ్ళని అడగాలి. పాలు తీసుకున్నవాడు తలెత్తుకుని ఇంటికి పోతాడు. దయకూర తీసుకునే మనిషి వల యజమాని పెళ్ళాం ముందు నిలబడి, ఆవిడ చెప్పే నాలుగు మాటలూ విని, "మీ దయ తల్లీ" అనేసి మరీ కదలాలి.

పద్దెనిమిది నెలలుగా ఎర్రమ్మ ఆ మాట అంటూనే ఉంది. ఆమె మొగుడు రామూర్తి ఒకప్పుడు నీటి రంగు చూసి చేపల దండు ఎక్కడ తిరుగుతోందో చెప్పగలిగిన మనిషి. కిడ్నీలు చెడ్డాయి. వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల ఆ జబ్బు తొంగిచూడని వీధి లేదు, కాబట్టి ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. నెలకోసారి విశాఖ వెళ్ళి రావడం, మిగతా రోజులు గుమ్మంలో కూర్చుని సముద్రం చూడడం, అంతే ఆయన పని. ఎర్రమ్మ ఒడ్డున చేపలు కొని, గంపకెత్తి, పలాస బజారులో అమ్ముకొచ్చి ఇల్లు నడిపేది. పొయ్యి మీదికి మాత్రం దయకూరే గతి.

"నాను తాడు లాగుతాను అన్నియ్యా, పాలు ఎట్టు" అని ఆమె ఒకసారి వల యజమాని గున్నయ్యని అడిగింది కూడా. గున్నయ్య రామూర్తికి మేనత్త కొడుకు, కులంలో పెద్ద, చెడ్డవాడు కాదు. కాకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే మంచితనం అనుకునే రకం. "ఆడది తాడు ముడితే గంగమ్మ అలుగుతాది. తెలీదేటి నీకు? దయకూర ఎడతన్నాం కదా, ఇంకేటి కావాల?" అన్నాడు. 

రెండువేల మూడు, మాఘమాసం. ఒకరోజు పొద్దున్నే ఎర్రమ్మ నెత్తిన గంపతో బస్సు రోడ్డుకి వెళ్తుంటే, సుధారాణి టీచరు ఎదురొచ్చింది. టెక్కలి అమ్మాయి, ఊరి బడికి కొత్తగా వచ్చింది. రోజూ ఆ బస్సే దిగుతుంది, ఎర్రమ్మ ఆ బస్సే ఎక్కుతుంది.

"ఎర్రమ్మ గారూ, ఇసుకలో నాకు ఉత్త చేతులతోనే అడుగు పడదు. మీరు అంత బరువు పెట్టుకుని, చెయ్యైనా ఆనించకుండా ఎలా నడుస్తారండీ! మీ నడకలో ఎంత గ్రేస్ ఉందో మీకు తెలుసా?" అంది టీచరు.

"గ్రేసా? అంటే ఏటమ్మా?"

టీచరమ్మ తడుముకుంది. "అంటే... పరీక్షలో రెండు మార్కులు తక్కువైతే కలిపి పాస్ చేస్తారు కదా, గ్రేస్ మార్కులని. అది కాదనుకోండి. గడువు దాటాక కూడా డబ్బు కట్టనిచ్చే పదిరోజుల్నీ గ్రేస్ అంటారు. అదీ కాదు. దేవుడి కృపకీ అదే మాట. మొత్తమ్మీద... దయ అనుకోండి."

"నా నడకలో దయ ఏటున్నాదమ్మా? మెడనొప్పి ఉన్నాది."

టీచరు పకపకా నవ్వింది. "దయ కాదండీ, అందం. ఎవరూ ఇవ్వకపోయినా మనిషికి ఉండే అందం. దానికీ ఆ మాటే వాడతారు" అంది.

బస్సులో ఎర్రమ్మ పలాస దాకా అదే ఆలోచించింది. ఇంగిలీషువాళ్ళకి మాటలు కరువా ఏమిటి? ఒకరు పడేసేదానికీ, మనిషికి తనకి తానుగా ఉండేదానికీ ఒకే మాటా? పోనీ ఆ గ్రేసు మార్కులు నయం. కలిపినవాడు ఎదురుగా కూర్చుని మొహం మీద మాటలనడు. తన బతుక్కి ఆ వెసులుబాటు కూడా లేదు.

అదే రోజు మధ్యాహ్నం ఆ కోపం బయటపడింది. గున్నయ్య పెళ్ళాం కాసులమ్మ దయకూర పంచుతోంది. కాసులమ్మ మనసు వెన్నే, నోరే గొడ్డుకారం. ఎర్రమ్మ దోసిట్లో కవళ్ళ చేపలు పోస్తూ, "రామూర్తి నిలబడున్న రోజుల్లో నువ్వు నా గుమ్మం తొక్కేవా? ఇప్పుడు సూడు. దేవుడి దయ ఎప్పుడు ఎవుళ మీద ఉంటాదో సెప్పలేం. పట్టు పట్టు, పెద్దవి ఏరుకోకు" అంది.

కొత్త మాటలు కావు. అంతకు ముందు ఇంతకన్నా పెద్దవే అంది. కానీ ఆ రోజు ఎర్రమ్మ దోసిలి విప్పేసింది. కవళ్ళన్నీ బొలబొలా ఇసుకలో పడ్డాయి. "నీ దయ నీకాడే ఉంచుకో వొదినా" అని వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

ఒడ్డంతా నోరు వెళ్ళబెట్టింది. కాసులమ్మని అన్నందుకు కాదు. ఆవిడని అనాలని సగం ఊరికి ఉంది. వలలో పడిన కూర గంగమ్మ పెట్టినది. పొరపాటున ఒక్క చేప చేజారి కింద పడినా తీసి కళ్ళకద్దుకుంటారు ఆ ఊరివాళ్ళు. అలాంటిది కావాలని పారబోయడమా? ఇంటికి వచ్చేదాకా ఎర్రమ్మకి తను చేసినదేమిటో తట్టలేదు. 

మర్నాడు పెద్దవల ఖాళీగా వచ్చింది. ఆ మర్నాడు నాచూ, జెల్లీ చేపలూ వచ్చాయి. మూడోనాడు అవీ లేవు. ఇంక చెప్పాలా? నాలుగోనాడు, బుధవారం సాయంత్రం గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. తగువు తీర్చింది గున్నయ్యే. శుక్రవారం ఎర్రమ్మ పసుపునీళ్ళ బిందెతో వల చుట్టూ తిరగాలి. కాసులమ్మ ముందు కొంగు పట్టి, తప్పైపోయిందని చెప్పి, దయకూర తీసుకోవాలి. అప్పటిదాకా ఒడ్డు ఇసుక తొక్కకూడదు, ఎవరూ ఆమెకి చేపలు అమ్మకూడదు. కాదంటే ఇంక ఎప్పటికీ అంతే.

చేపలు అమ్మకపోతే గంప ఎందుకు? గంప లేకపోతే విశాఖ మందులెక్కడివి? గంగమ్మకి దణ్ణం పెట్టడానికి ఎర్రమ్మకి అభ్యంతరం లేదు, తప్పు తనదేనని ఆమెకీ తెలుసు. కానీ కాసులమ్మ ముందు ఊరందరూ చూస్తుండగా కొంగు పట్టడం! ఒకసారి పడితే ఆ కొంగు జన్మంతా అలా పట్టే ఉండాలి. ఆ రాత్రి అన్నం పెడుతూ మొగుడితో, "ఏటి సెయ్యమంటావు మావా?" అంది. రామూర్తి "నా మూలాన్నే కదే" అని మాత్రం అన్నాడు. ఆ మాటతో ఎర్రమ్మకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. శుక్రవారం కొంగు పట్టడానికే నిశ్చయించుకుని పడుకుంది.

తెల్లారితే గురువారం. రామూర్తి గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ గ్లాసు మధ్యలో ఆపేశాడు.

"ఒలే, ఇటు రా. ఆ నీరు సూడు."

ఎర్రమ్మ చూసింది. ఆమెకి నీరు నీరులాగే ఉంది.

"నల్లబడ్డాది. దండు. మామూలు దండు కాదే, నా ఎరకలో ఇంత దండు రెండుసార్లు సూసేను." రామూర్తి గ్లాసు కింద పెట్టేశాడు. "గున్నయ్యబావ కూడా సూసేడు. అదిగో నావ తోసేత్తన్నారు. సుట్టేత్తారు, అది కాదు సంగతి. లాగేదెవుళు?"

నిజమే. ఊళ్ళో మగవాళ్ళలో సగం మంది గుజరాతు వైపు వీరావల్ మరబోట్ల మీద పనికి పోయారు. నలభై మంది లాగాల్సిన వలకి పద్దెనిమిది మంది ఉన్నారు. రామూర్తి లేవబోయి, గోడ పట్టుకుని, మళ్ళీ కూర్చున్నాడు. గంటన్నర ఇద్దరూ గుమ్మంలోంచే చూశారు. నావ అర్ధచంద్రంగా వలని వదిలి, రెండో తాడు కొస ఒడ్డుకి తెచ్చింది. కుడి తాటి మీద తొమ్మిది మంది, ఎడమ తాటి మీద తొమ్మిది మంది. సగం దూరం బాగానే వచ్చింది. తర్వాత వల కదలడం మానేసింది. ఇంకాసేపటికి ఎడమ తాడు వెనక్కి పోవడం మొదలుపెట్టింది, దాన్ని పట్టుకున్న తొమ్మిది మందీ మడమలు ఇసుకలో దిగేసి, నీళ్ళ వైపు జారుతున్నారు.

"పోతన్నాది" అన్నాడు రామూర్తి. "ఎడం పక్క పోతే వల తిరిగిపోద్ది. సిరిగిపోద్ది. ఊరు మూడు నెల్లు పస్తే." అని పెళ్ళాం వైపు తిరిగాడు. "ఎల్లవే."

"నానా? ఇసక తొక్కద్దన్నారు కదా!"

"వల పోతే ఎలాగూ నీ మీదే ఎడతారు. ఎల్లు. సేతుల్తో లాగకు, నడుంతో లాగు."

ఎర్రమ్మ చీర ఎగదోపుకుని పరిగెత్తింది. పైన సరుగుడు తోట అంచున ఆడవాళ్ళందరూ గంపలు పక్కన పెట్టుకుని, చేతులు పిసుక్కుంటూ నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయి ఇసుకలో అడుగు పెట్టింది.

"ఆగక్కడ!" గున్నయ్య అరిచాడు. ఎడమ తాటి చివర ఆయనే ఉన్నాడు, మొహం కందగడ్డ అయిపోయింది. "తప్పు కట్టకుండా ఇసక తొక్కుతావా? ఆడది తాడు ముడితే..."

"వల పోయినా నా తప్పే అంటావు, వచ్చినా నా తప్పే అను అన్నియ్యా. ముందర లాగనీ!"

"గున్నయ్యమావా, నోరాపి తాడు పట్టు!" అన్నాడు వెనక నుంచి ఢిల్లీరావు. పాళ్ళు పంచేది అతనే. పేరులో ఢిల్లీ ఉందన్నమాటే గానీ టెక్కలి దాటి ఎరగడు, ఒడ్డున మాత్రం అతని మాటకి విలువుంది. "జారిపోతన్నాం మావా! అది గంగమ్మే పంపిందనుకో!"

ఎర్రమ్మ తాడు పట్టుకుంది. తడిసిన తాడు అరచేతిలో రంపంలా గీసుకుపోయింది. ఒక్క మనిషి బలం ఏపాటి? తాడు ఇంకో మూర వెనక్కి పోయింది. ఆమె తల తిప్పి సరుగుడు తోట వైపు చూసి, గొంతు చించుకుని అరిచింది. "ఏటే సూత్తన్నారు? రేపు మీ పిల్లలకి ఏటి ఎడతారు? రండే!"

ముందు నూకరత్నం వచ్చింది. మొగుడు వీరావల్‌లో ఉన్న పిల్ల, అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. తర్వాత ఇద్దరు. తర్వాత ఒక్క తోపుగా అందరూ. బస్సు దిగి బడికి పోతున్న సుధారాణి టీచరు సంచీ అక్కడే పడేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, చెప్పులెందుకో తెలియక వాటినీ పడేసి వచ్చింది. చిట్టచివరికి కాసులమ్మ వచ్చింది. ఎవరి మొహం చూడకుండా ఎర్రమ్మ వెనకే తాడు పట్టింది.

మగవాళ్ళు లాగే పద్ధతి వేరు. ఒక్క ఊపున లాగుతారు, కేక వేసి ఆగి ఊపిరి తీసుకుంటారు, మళ్ళీ ఊపు. నలభై మంది ఉన్నప్పుడు అది చెల్లుతుంది. మనుషులు తక్కువైనప్పుడు, ఆగిన ఆ ఒక్క క్షణంలో సముద్రం లాగినదంతా వెనక్కి తీసేసుకుంటుంది. ఆడవాళ్ళు కూడా మొదట అలాగే మొదలుపెట్టి, ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరి ఊపు వాళ్ళది, ఎవరి కేక వాళ్ళది. మగవాళ్ళు తిట్టుకున్నారు.

ఎర్రమ్మకి అప్పుడు తట్టింది. మగవాళ్ళలా లాగడం తమకి ఎవరు నేర్పారు గనక? తమకి వచ్చినది వేరే ఉంది. "కేకలాపండి! గంప నెత్తిన ఉన్నాదనుకోండే!" అని అరిచింది. "బస్సు తప్పిపోతన్నాది. మెడ కదలకూడదు. తాడు నడుముకి ఆనించి, వెనక్కి నడవండి. ఆగొద్దు!"

గంప నెత్తిన పెట్టుకుని ఇసుకలో రెండు మైళ్ళు ఆగకుండా నడిచే ఆడవాళ్ళు వాళ్ళు. చిన్నప్పటి నుంచీ అదే నడక. మెడలు నిలిచాయి, నడుములు కుదురుకున్నాయి, అడుగులు కలిశాయి. అరుపు లేదు, ఊపు లేదు. ఇరవై రెండు మంది ఆడవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తున్నారు, అంతే. తాడు జారడం ఆగింది. తర్వాత వచ్చింది. ఒక బారెడు, రెండు బారలు. చివరికి చేరిన మనిషి తాడు వదిలి, పరిగెత్తుకెళ్ళి ముందు నీళ్ళ దగ్గర మళ్ళీ అందుకుంటోంది. గున్నయ్య కేక వేయడం మానేశాడు. పక్కన మగవాళ్ళు ఊపు మానేసి ఆడవాళ్ళ అడుగుతో అడుగు కలిపారు. పోయిన దూరమంతా తిరిగొచ్చి, ఎడమ తాడు కుడి తాటిని దాటిపోయింది.

"ఒరే, ఎడం పక్క మించిపోతన్నాది, కుడి పక్క లాగండిరా!" అని ఢిల్లీరావు గగ్గోలు పెట్టాడు. తన ఒడ్డున ఇలాంటి కేక వేయాల్సి వస్తుందని అతను ఏనాడూ అనుకుని ఉండడు. ఆడవాళ్ళలో సగం మంది కుడి తాటికి పరిగెత్తారు.

వల అంచుకి కట్టిన బెండ్లు కనిపించాయి. నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలాయి. సంచి ఇసుక మీదికి వచ్చి పడింది. కవళ్ళు, కానాగంతలు, మధ్యమధ్య చేతి పొడుగు వంజరాలు, వెండి గుట్ట. ఆ తర్వాత లేచిన కేకకి కాకులన్నీ సరుగుడు తోటలోంచి లేచిపోయాయి. నూకరత్నం టీచరమ్మని ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది.

ఇప్పుడు పంపకం. లాగినవాళ్ళందరూ తలగుడ్డలు తీసి ఇసుక మీద వరసగా పరుస్తారు. ఒక్కో గుడ్డ మీద ఒక్కో పాలు పోసి, ఢిల్లీరావు ఊరంతా వినబడేలా పేరు కేక వేస్తాడు. పద్దెనిమిది తువ్వాళ్ళు పరిచారు. ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని నిలబడ్డారు.

గున్నయ్య ఆనందం పట్టలేకపోతున్నాడు. చేతులెత్తి, "ఇదిగో, అందరూ ఇనండి! ఈయేల ఆడోళ్ళకి దయకూర దోసిలి కాదు. మనిసికి గంపెడు! నా కుప్పలోంచే. ఎర్రమ్మకీ గంపెడు. తప్పూ లేదు, గిప్పూ లేదు, పో!" అని ప్రకటించాడు.

గంపెడు! ఆ రోజు ఒక్కో పాలు గంపలో సగానికి మించి రాదు. ఆడవాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. ఎవరో చేతులు కూడా జోడించారు. ఎర్రమ్మ అరచేతులు చూసుకుంది. తోలు లేచిపోయి ఎర్రగా మండుతున్నాయి. గంపెడు కూర తీసుకుంటే శిక్షా పోతుంది, ఇల్లూ నిండుతుంది. ఒక్క మాట అంటే చాలు, నోటికి అలవాటైన మాటే.

నెత్తి మీద గంప కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు ఆమె నడుముకి దోపి ఉంది. దాన్ని తీసింది. వరస దగ్గరికి నడిచి, రెండు తువ్వాళ్ళ మధ్య ఇసుక మీద పెట్టి, దాని వెనక నిలబడింది.

"ఏటిది?" అన్నాడు గున్నయ్య.

"పాలు అన్నియ్యా."

"గంపెడు ఇత్తన్నాను కదేటి! పాలు అందులో సగం రాదు, తెలుసా నీకు?"

"తెలుసు. సగమే ఎట్టు. తాడు ముట్టేను, నా పాలు నాకు ఎట్టు."

 ఢిల్లీరావు గున్నయ్య వైపు చూస్తున్నాడు. గున్నయ్య కోపంగా లేడు, అయోమయంగా ఉన్నాడు. ఇచ్చేదానికన్నా తక్కువ కావాలని నిలబడ్డ మనిషిని ఆయన ఎక్కడా చూడలేదు. ఎర్రమ్మ ఆడవాళ్ళ వైపు చూసింది. ఇంకెవరూ రాకపోతే? ఈ వరసలో తన ఒక్క చుట్టకుదురే మిగిలిపోతే, రేపటి నుంచి ఊళ్ళో తన మొహం ఎవరు చూస్తారు?

నూకరత్నం కదలబోయి ఆగింది. ఆమెని దాటుకుని కాసులమ్మ వచ్చింది. మెడలో పగడాలపేరు, నడుముకి తడిసిన కొత్త చీర. తన చుట్టకుదురు తీసి ఎర్రమ్మదాని పక్కన పెట్టింది.

"నీకెందుకే పాలు? వల మనదే కదేటి!" అన్నాడు గున్నయ్య నోరు తెరిచి.

"వల నీది. పాలు నాది." కాసులమ్మ రెండు అరచేతులూ మొగుడి మొహం ముందు పెట్టింది. అవీ ఎర్రమ్మ చేతుల్లాగే ఉన్నాయి. "ఇన్నేళ్ళు దయకూర పంచేనే గానీ, తాడు ఎంత కోత్తాదో నాకు తెలీదు. ఇది దయేటి? ఢిల్లీరావూ, పొయ్యి!"

ఇంక ఎవరు ఆగుతారు? చుట్టకుదుర్లు ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. ఎర్రవి, పచ్చవి, పాత లుంగీ ముక్కలవి. చేపంటే ముక్కు మూసుకునే సుధారాణి టీచరు కూడా ఏమనుకుందో, చేతిరుమాలు తీసి వరస చివర పరిచింది. ఊరంతా ఒక్కసారి గొల్లుమంది.

గున్నయ్య కూడా నవ్వేశాడు. నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఢిల్లీరావు చేతిలో గంప తనే తీసుకున్నాడు. "అయితే గంగమ్మకి?" అని అడిగాడు ఎర్రమ్మని. ఇప్పుడది పెద్దమనిషి గొంతు కాదు, అడిగే గొంతు.

"కూర ఇసకలో పోసింది తప్పే అన్నియ్యా. ఆ తప్పు నాది, ఆయమ్మకే సెప్పుకుంటాను." ఎర్రమ్మ వంగి గుట్టలోంచి ఒక కవళ్ళ చేపని తీసి కళ్ళకద్దుకుంది. సముద్రం వైపు తిరిగి, ఇసుకకి నుదురు తగిలేలా దణ్ణం పెట్టింది. లేచి మళ్ళీ తన చోట నిలబడింది. కాసులమ్మ ఆమె నుదుటి ఇసుక కొంగుతో దులిపింది.

గున్నయ్య మొదటి పాలు ఆమె చుట్టకుదురు మీదే పోశాడు. ఢిల్లీరావు గొంతు సవరించుకున్నాడు. "ఎవుళ పేరున పిలవాల? రామూర్తి పాలు అననా?"

"రామూర్తి తాడు లాగేడేటి? నాను లాగేను."

ఢిల్లీరావు ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"ఎర్రమ్మ పాలూ...!"

ఆ కేక నీళ్ళ మీద నుంచి, ఇసుక మీద నుంచి, సరుగుడు తోట దాకా వెళ్ళింది. ఎర్రమ్మ ఒళ్ళంతా పులకరించింది. ఆమె పేరు ఊళ్ళో చాలామంది చాలా రకాలుగా పిలిచారు. ఇలా మాత్రం ఎవరూ పిలవలేదు. తర్వాత ఢిల్లీరావు కాసులమ్మ పాలూ అన్నాడు, నూకరత్నం పాలూ అన్నాడు, టీచరమ్మ పాలూ అన్నాడు, ఆవిడ పాలు మాత్రం నూకరత్నం గంపలోకి పోయింది.

ఎర్రమ్మ పాలు గంపకెత్తి, చుట్టకుదురు నెత్తిన సర్ది, గంప పెట్టుకుని పైకి నడిచింది. తోట అంచున మొదటి చెట్టుని పట్టుకుని రామూర్తి నిలబడి ఉన్నాడు. ఏడాదిన్నరగా గుమ్మం దాటి ఒడ్డు వైపు రాని మనిషి, ఎలా నడిచొచ్చాడో, ఎంతసేపై వచ్చాడో! చెమటతో తడిసిపోయి, రొప్పుతూ, చెవిదాకా నవ్వుతున్నాడు.

"ఆ ఢిల్లీగాడు నా పేరు ఏరోజూ ఇంత గట్టిగా పిలవలేదే!" అన్నాడు.

"నువ్వు ఏరోజైనా ఎడం తాడు ముందర తెచ్చేవేటి మావా?" అంది ఎర్రమ్మ.